వంశధార ఒడ్డున రాత్రి గడపాలంటే గుడారం ఇసుకలో వేయకండి

"నలుగురైదుగురు స్నేహితులం కలిసి ఒక శని, ఆదివారం శ్రీకాకుళం జిల్లాలో నది ఒడ్డున గుడారాలు వేసుకుని గడపాలనుకుంటున్నాం, ఎప్పుడు, ఎక్కడ, ఎలా?" అని మీరు అడిగారు. మాది నరసన్నపేట. చదువుకునే రోజుల నుంచి ఉన్న మా ఐదుగురం ఏటా ఒకసారైనా వంశధార గట్టున రాత్రి గడుపుతాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

చోటు సంగతి తర్వాత చూద్దాం. అన్నిటికంటే ముందు, గుడారం ఇసుకలో వేయకండి. ఏటి దగ్గరకు వెళ్లగానే ఎవరికైనా ఇసుకతిన్నె మీదే మనసు పడుతుంది. మెత్తగా, చదునుగా ఉంటుంది, పక్కనే నీళ్లు. కానీ ఆ ఇసుక ఏటిదే. ఈ పూట దాని మీద నీళ్లు లేవు, అంతే.

మొదటిసారి మేమూ అక్కడే వేశాం. అక్టోబరు మొదటి వారం, శ్రీముఖలింగానికి కాస్త ఎగువన. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి, అన్నం ఎసరు పెట్టాం. మేకలను ఇంటికి తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "బాబూ, రాత్రికి ఇక్కడే పడుకుంటారా?" అని అడిగారు. అవునన్నాం. "వద్దు. ఏరు వస్తే తెలియదు" అన్నారు. వాన లేదు కదా తాతా అన్నాడు మాలో ఒకడు. "ఇక్కడి మబ్బుతో పని లేదు బాబూ. పైన ఒడిశాలో కురిస్తే చాలు" అని, చేతిలోని వెదురు పుల్ల విరిచి సరిగ్గా నీటి అంచున గుచ్చారు. "దీన్ని చూస్తూ ఉండండి" అని చెప్పి మేకల వెనక వెళ్లిపోయారు.

అన్నం వార్చేసరికి పుల్ల చుట్టూ నీళ్లు చేరాయి. నిజం చెప్పాలంటే ముందు పట్టించుకోలేదు. భోజనాలయ్యాక టార్చి వేసి చూస్తే పుల్ల మూరెడు లోపలికి పోయింది. నీళ్ల రంగూ మారింది. సాయంత్రం అడుగున గులకరాళ్లు కనిపించిన చోట ఎర్రటి నీరు, దాని మీద నురుగు, ఎండుటాకులు. నాకు బాగా గుర్తున్నది చప్పుడు. అంతవరకు రాళ్ల మీద గలగలమన్న నీరు మెల్లగా సద్దు తగ్గించింది. రాళ్లు మునిగిపోతే ఏరు నిశ్శబ్దమవుతుందని ఆ రాత్రే తెలిసింది. సామాను ఎలా దొరికితే అలా మోసుకుని గట్టెక్కాం. తెల్లవారి చూస్తే మా పొయ్యిరాళ్లు లేవు, గుడారం వేసిన చోట నడుము లోతు నీళ్లు. ఆ పెద్దాయనను వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్లి, జరిగింది చెప్పి వచ్చాం. ఈ రోజుకీ ఆయనను తలుచుకోకుండా మేము ఏటి దగ్గర పొయ్యి వెలిగించం.

ఆయన మాట వెనక ఉన్న లెక్క ఇది. వంశధార పుట్టింది ఒడిశాలోని కలహండి కొండల్లో. రాయగడ, గజపతి జిల్లాల మీదుగా మన వైపు దిగుతుంది. అక్కడి కొండవాగుల్లో కురిసినదంతా కిందికే రావాలి. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు, దాని దిగువన శ్రీముఖలింగం నుంచి కళింగపట్నం దాకా ఏరు పెరుగుతుంది. నాగావళీ అంతే, అదీ కలహండి వైపు నుంచే వస్తుంది. అందుకే బయలుదేరే ముందు మన ఊరి వాతావరణం ఒక్కటే కాక, ఒడిశా దక్షిణ జిల్లాల్లో వానలున్నాయేమో కూడా చూసుకోండి.

ఇక ఎప్పుడు అంటే, డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. సెప్టెంబరు, అక్టోబరు మా తీరానికి తుపాన్ల నెలలు. 2018లో అక్టోబరు 11న తిత్లీ, 2021లో సెప్టెంబరు 26న గులాబ్ మా జిల్లా తీరాన్నే దాటాయి. తిత్లీ తర్వాత వంశధారకు వచ్చిన వరద చూసినవాళ్లెవరూ ఆ నెలల్లో ఏటి ఒడ్డున పడుకోరు. శివరాత్రి సమయంలోనూ శ్రీముఖలింగం వద్దు. వంశధారలో చేసే చక్రతీర్థ స్నానాలకు జనం పోటెత్తుతారు. గుడి చూడాలంటే మాత్రం మామూలు రోజున, పొద్దున్నే వెళ్లండి. తూర్పు గాంగుల కాలం నాటి ఆ శిల్పాలకు గంట సమయం చాలదు.

చోటు కోసం గట్టు మీది మామిడి తోటనో, సరుగుడు తోటనో చూడండి. తోట ఎవరిదో కనుక్కుని అడగండి. మర్యాదగా అడిగితే కాదన్నవారిని నేను చూడలేదు, పైగా తాగడానికి నీళ్లు, ఒక్కోసారి కూర కూడా ఇచ్చారు. ఊళ్లో పెద్దలకూ ఒక మాట చెప్పి ఉంచండి, రాత్రి వెలుతురు చూసి ఎవరూ కంగారు పడరు. కొత్తూరు, భామిని వైపు, లేదా నాగావళి మీద తోటపల్లికి ఎగువన వెళ్లాలనుకుంటే ముందుగా ఏనుగుల సంగతి వాకబు చేయండి. ఒడిశా నుంచి వచ్చిన మంద కొన్నేళ్లుగా ఆ ప్రాంతంలో తిరుగుతోంది, మనుషుల ప్రాణాలూ పోయాయి. మంద దగ్గరలో ఉందని తెలిస్తే ఆ వారం ప్రయాణం మానుకోండి.

స్నానం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఇసుక తవ్విన చోట ఏటిలో గుంతలు ఉండిపోతాయి. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది, రెండడుగులు వేస్తే కాలికి నేల అందదు. ఈతగాళ్లు కూడా పోయారు. ఊరివాళ్లు స్నానాలు చేసే రేవులోనే, పగటిపూట, వాళ్లను అడిగి దిగండి. మద్యం తెచ్చుకునే ఆలోచన ఉంటే నీళ్ల ఒడ్డుకు రావద్దని నా మనవి. ఈ ఒక్క విషయంలో మా వాళ్లతో నేను గొడవ కూడా పడ్డాను.

డిసెంబరు రాత్రి మీరనుకున్నదానికంటే చలిగా ఉంటుంది. మంచుకు గుడారం పైగుడ్డ తెల్లవారేసరికి తడిసి ముద్దవుతుంది. కింద టార్పాలిన్, దాని మీద మందపాటి దుప్పటి తప్పనిసరి. గుడారం జిప్పు ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచకండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, అది కరిచినా నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో తెలియకపోవచ్చు. అనుమానం వస్తే మంత్రాలూ కట్లూ వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

వంటకు బియ్యం, పప్పు, నాలుగు వంకాయలు చాలు. ఆ రోజుల్లో సంతల్లో తేగలు దొరుకుతాయి, కట్ట కొనుక్కుని నిప్పుల్లో కాల్చుకోండి. పైతోలు నల్లబడి చిట్లగానే తీసి, వేడి ఆరకముందే పీచు లాగి తినాలి. పుల్లలు రాలినవి ఏరుకోండి, తోటలో కొమ్మ విరవకండి.

ఆదివారం పొద్దున్నే సామాను సర్దుకుని దిగువకు, శాలిహుండం వెళ్లండి. కొండ మీది ఆ బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. ఎండ ముదరకముందే మెట్లెక్కితే కింద వంశధార మలుపు మొత్తం కనిపిస్తుంది. మీరు రాత్రి ఎవరి ఒడ్డున పడుకున్నారో ఆ ఏరు సముద్రం వైపు ఎంత వెడల్పుగా సాగుతుందో అక్కడి నుంచి చూడండి.