పొలంలో పడిన తెల్లపెట్టె

ప్రశ్న: నాట్లు వేస్తున్న రోజుల్లో మా పొలంలో ఒక చిన్న తెల్లపెట్టె, దానికి పొడవాటి దారం, దారం చివర చిరిగిన రబ్బరు పీలికలు కనిపించాయి. వాతావరణ శాఖ బెలూన్ అని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అన్నారు. ఉపగ్రహాలుండగా ఇంకా బెలూన్లు ఎందుకు?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: మీ వర్ణనను బట్టి అది రేడియోసాండ్, అంటే పై గాలిని కొలిచి రేడియో ద్వారా కబురు పంపే వాతావరణ పరికరం, అయివుండాలి. ఉష్ణోగ్రతను, తేమను కొలిచే సాధనాలు, జీపీఎస్, రేడియో ట్రాన్స్‌మిటరు, బ్యాటరీ అందులో ఉంటాయి. హైడ్రోజన్ నింపిన రబ్బరు బెలూన్ దానిని నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున పైకి మోసుకుపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది గనుక బెలూన్ ఉబ్బుతూ పోయి, నేల మీద రెండు మీటర్లలోపు ఉన్న వ్యాసం 30 కిలోమీటర్ల ఎత్తున ఏడెనిమిది మీటర్లకు పెరిగి, చివరకు పగిలిపోతుంది. అప్పటికే కొలతలన్నీ రేడియో ద్వారా కేంద్రానికి చేరి ఉంటాయి కనుక పెట్టె కోసం సాధారణంగా ఎవరూ వెతుక్కుంటూ రారు.

ఇందులో గాలివేగాన్ని కొలిచే సాధనమేదీ ఉండదు. బెలూన్ గాలితోపాటే కొట్టుకుపోతుంది కాబట్టి అది నడిచిన దారే గాలి లెక్క. వానాకాలంలో మన ప్రాంతంలో కింది పొరల్లో పడమటి గాలి, చాలా ఎత్తున తూర్పు గాలి వీస్తాయి. మచిలీపట్నంలో వదిలిన బెలూన్‌ను మొదట సముద్రం వైపు నెట్టిన గాలి ఒకటైతే, తిరిగి నేల మీదికి, బహుశా మీ మడిలోకి, తోసుకొచ్చినది మరొకటి.

ఉపగ్రహం పైనుంచి చూస్తూ, గాలి పొరలు వెదజల్లే వికిరణాన్ని (రేడియేషన్) బట్టి ఏ పొర ఎంత వేడిగా ఉందో లెక్కగడుతుంది. రేడియోసాండ్ ఆ గాలిలోనే ఉండి కొలుస్తుంది. వేసవిలో పిడుగుల వానను ముందుగా పసిగట్టాలంటే కింద ఎంత తేమ ఉంది, దానిపైన గాలి ఎంత వేగంగా చల్లబడుతోంది అన్న వివరం పొరపొరగా కావాలి. అందుకే ప్రపంచమంతటా ఒకే వేళకు, మన లెక్కలో ఉదయం, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో, వీటిని ఎగరేస్తారు. ఉపగ్రహాల లెక్కలను సరిచూసుకోవడానికి కూడా ఈ కొలతలే ఆధారం.

ఫ్రాన్సులో రాబర్ట్ బ్యూరో 1929లో, రష్యాలో పావెల్ మొల్చనోవ్ 1930లో బెలూన్ నుంచి కొలతలను రేడియో ద్వారా నేలకు పంపే పని సాధించారు. అంతకుముందు బెలూన్ పరికరాలు తమ కొలతలను తామే గీసుకుని నేలకు పడేవి. దొరికినవారు తెచ్చి ఇస్తేనే శాస్త్రజ్ఞుడికి లెక్క దక్కేది. 1902లో స్ట్రాటోస్ఫియరు (వాతావరణంలోని ఒక పై పొర) సంగతి ప్రకటించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెస్సెరాంక్ ద బోర్ కూడా అలాంటి పరికరాల మీదే ఆధారపడ్డాడు.

మీ పెట్టెతో భయం లేదు. బెలూన్ పగిలినప్పుడే హైడ్రోజన్ పోయింది. బ్యాటరీని నిప్పులో వేయకండి, రబ్బరు పీలికలను పశువుల నోటికి అందనివ్వకండి. అయితే హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఎగరేసే పెద్ద ప్లాస్టిక్ బెలూన్ల సంగతి వేరు: పారాచూటుతో దిగే ఆ బరువైన పరికరాలు కనిపిస్తే విప్పకుండా పోలీసులకు తెలపాలి.