ముందు ఒక్క పంపుకి సరైన బ్లాకు రాయండి

ప్రశ్న: సార్, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి, ఆటోనగర్‌లో కంట్రోల్ ప్యానెళ్లు కట్టే చిన్న సంస్థలో మూడేళ్లుగా పీఎల్‌సీ (యంత్రాలని నడిపే పారిశ్రామిక కంప్యూటరు) ప్రోగ్రాములు రాస్తున్నాను. కొత్త ఆర్డరు వచ్చినప్పుడల్లా పాత ప్రోగ్రాము కాపీ చేసి ట్యాగులు (సిగ్నళ్ల పేర్లు) మార్చుకోవడమే మా పద్ధతి. పంపులకీ వాల్వులకీ సొంతంగా ఫంక్షన్ బ్లాకుల (ఒక్కసారి రాసి ఎన్నిచోట్లయినా వాడుకునే ప్రోగ్రాము ముక్కల) లైబ్రరీ చేసుకుందామంటే సీనియర్లు టైమ్ వేస్ట్ అంటున్నారు. అన్ని రకాల మోటార్లకీ పనికొచ్చేలా ఒకే పెద్ద బ్లాకు రాసి చూపించనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. అక్కడ 32 పంపులకి ప్రోగ్రాము నేనే రాశాను, మీరు చెప్పిన పద్ధతిలోనే. ఒక పంపుకి రాసి మిగతా 31కి కాపీ చేశాను. ట్రయల్స్‌లో ఒక లోపం బయటపడింది. స్టార్ట్ కమాండ్ వెళ్లాక మోటారు నిజంగా తిరుగుతోందో లేదో ప్రోగ్రాము చూడటం లేదు. ఒక్కొక్క కాపీలోకీ వెళ్లి దిద్దుకుంటూ వచ్చాను. ఒకటి మర్చిపోయాను.

కొన్ని నెలలకి, నైట్ షిఫ్టులో, ఆ పంపే ఆగింది. కండెన్సర్‌కి కూలింగ్ వాటర్ ఇచ్చే పంపు అది. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. కమాండ్ మాత్రం అలాగే ఉంది కాబట్టి తెర మీద పంపు బొమ్మ పచ్చగానే కనబడుతోంది. టెంపరేచర్ పెరిగేదాకా ఆపరేటర్‌కి తెలియలేదు. ఆ బ్యాచ్ మొత్తం పోయింది. తప్పు నాదే. 32 చోట్ల ఉన్న ఒకే లాజిక్‌ని చేత్తో దిద్దడానికి పూనుకోవడమే ఆ తప్పు.

లైబ్రరీ కావాలనేది ఇందుకే. పీఎల్‌సీ భాషలకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61131-3 1993లో మొదటిసారి వచ్చినప్పుడే ఫంక్షన్‌నీ ఫంక్షన్ బ్లాకునీ వేరు చేసింది. ఫంక్షన్‌కి జ్ఞాపకం ఉండదు. బ్లాకుకి ఉంటుంది. పంపు బ్లాకు ఒక్కసారి రాస్తే, 32 పంపులకీ 32 ఇన్‌స్టెన్సులు, అంటే ఒక్కో పంపుకి విడిగా దాని సొంత డేటా, ఉంటాయి. ఎవరి టైమరు వాళ్లది, ఎవరి రన్నింగ్ అవర్స్ వాళ్లవి, లాజిక్ మాత్రం ఒకటే. దిద్దాల్సింది ఒక్క చోటే.

పెద్ద బ్లాకు మాత్రం వద్దు. స్టార్–డెల్టా స్టార్టరుకీ, వేగం మార్చే డ్రైవ్‌కీ, రెండు దిశల్లో తిరిగే మోటారుకీ కలిపి రాస్తే అరవై పిన్నులు (బ్లాకు ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు) తేలతాయి. అందులో ఏ పంపుకైనా వాడేవి పది. మిగతావి ఏం చేస్తాయో రెండేళ్ల తరవాత మీకే తెలియదు. మామూలు డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టరు ఉన్న పంపుతో మొదలుపెట్టండి. ఆటో–మాన్యువల్, లోకల్–రిమోట్, స్టార్ట్, స్టాప్, రన్ ఫీడ్‌బ్యాక్ (మోటారు తిరుగుతోందని వచ్చే సిగ్నల్), ట్రిప్, రీసెట్, ఇంటర్‌లాక్ (నడవకూడని పరిస్థితిలో పంపుని అడ్డుకునే సిగ్నల్). అంతే.

అసలు పని ఫీడ్‌బ్యాక్ దగ్గరే ఉంది. కమాండ్ ఇచ్చాక, ఉదాహరణకి 5 సెకన్లలో, మోటారుకి కరెంటు ఇచ్చే కాంటాక్టర్ నుంచి రన్ సిగ్నల్ రాకపోతే కమాండ్ తీసేసి ఫాల్ట్ పట్టి ఉంచాలి. ఆపరేటర్ రీసెట్ చేసేదాకా అది పోకూడదు. మరి తిరుగుతూ తిరుగుతూ సిగ్నల్ పోతే? మన విశాఖలో ఇది తరచూ వచ్చే సమస్య. సముద్రపు గాలికి ప్యానెల్లో ఆ సిగ్నల్ ఇచ్చే ఆక్సిలరీ కాంటాక్టులకి చిలుము పడుతుంది. మోటారు బాగానే తిరుగుతుంటుంది, సిగ్నల్ ఒక్కటే పోతుంది. ట్రాన్స్‌ఫర్ పంపయితే ఆపేయొచ్చు. కూలింగ్ వాటర్ పంపుని అలా ఆపేస్తే ఆ రోజు నేను చూసిన నష్టమే మళ్లీ వస్తుంది. అందుకని ఆపాలా, అలారం మాత్రమే ఇవ్వాలా అన్నది ఇన్‌స్టెన్సు దగ్గర పెట్టుకునే పారామీటరు కావాలి. దేనికి ఏది పెట్టాలో ప్రాసెస్ వాళ్లని కూర్చోబెట్టి అడగండి. మనం ఊహించి పెట్టకూడదు. తెర మీద రంగు కమాండ్‌ని బట్టి కాదు, ఫీడ్‌బ్యాక్‌ని బట్టి మారాలి.

ఇంటర్‌లాకుల లాజిక్‌ని పంపు బ్లాకులో కలపకండి, అక్కడ ఇంటర్‌లాక్ పిన్ను ఒక్కటే చాలు. ఎనిమిది ఇన్‌పుట్లతో విడిగా ఒక చిన్న బ్లాకు రాసి, ముందు ఏది వచ్చిందో అది గుర్తుపెట్టుకునేలా చేయండి. పంపు ఆగిన అరసెకనులో ప్రెషర్ తక్కువ, ఫ్లో తక్కువ అంటూ అలారాలన్నీ వరసగా వచ్చేస్తాయి. అర్ధరాత్రి మెయింటెనెన్స్ మనిషికి కావలసింది మొదటిదొక్కటే.

తరవాత అనలాగ్ ఇన్‌పుట్. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ పంపే 4–20 మిల్లీయాంప్స్‌ని 0–10 బార్‌గా మార్చడం తేలిక. 12 వస్తే 5 బార్. 3.6 లేదా అంతకన్నా తక్కువ వచ్చినా, 21 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినా ట్రాన్స్‌మిటర్ ఫాల్ట్‌గా చూడాలని నామూర్ (ప్రాసెస్ పరిశ్రమల్లో ఆటోమేషన్ వాడేవాళ్ల సంఘం) సిఫార్సు ఎన్ఈ 43 చెబుతుంది. ఆ ఫాల్ట్ విలువతోపాటే ఒక బిట్‌గా బయటికి రావాలి, ఆ విలువని వాడుకునే ప్రతి బ్లాకూ దాన్ని చూడాలి. పీఐడీ (ప్రెషర్ లాంటి విలువని కావలసిన చోట నిలబెట్టే కంట్రోల్ బ్లాకు) మీరు రాయకండి, పీఎల్‌సీ కంపెనీ ఇచ్చినదే వాడండి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక పీఐడీలో తేడాని కూడుకుంటూ పోయే ఇంటిగ్రల్ పెరిగిపోకుండా ఆపడం, మాన్యువల్ నుంచి ఆటోకి కుదుపు లేకుండా మారడం మనం మళ్లీ కనిపెట్టక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. బ్లాకు పిన్నులు మార్చి నడుస్తున్న ప్లాంటులో డౌన్‌లోడ్ చేయకండి. చాలా పీఎల్‌సీల్లో ఇన్‌స్టెన్సు డేటా మొదటి విలువలకి వెళ్లిపోతుంది. రన్నింగ్ అవర్స్ సున్నా అవుతాయి, నడుస్తున్న మోటార్లు ఆగిపోవచ్చు కూడా. షట్‌డౌన్‌లోనే చేయండి. ప్రతి మార్పుకీ వెర్షన్ నంబరు, తేదీ, కారణం బ్లాకు తలలోనే రాయండి.

మీ సీనియర్లు అన్నదాంట్లో కొంత నిజముంది. మొదటి ఆర్డరులో టైమ్ ఎక్కువే పడుతుంది. కాబట్టి లైబ్రరీ అని పెద్ద మాట అనకుండా, రాబోయే ఆర్డరులో పంపు బ్లాకు ఒక్కటే వాడతానని అడగండి. షాపులో ఖాళీ స్టార్టరు ప్యానెల్ ఉంటే దానికి కలిపి, స్టార్ట్ ఇచ్చి, ఫీడ్‌బ్యాక్ వైరు ఊడదీసి, వాళ్ల ఎదుటే 5 సెకన్లు లెక్కపెట్టండి. తరవాత అదే పరీక్ష మీ పాత ప్రోగ్రాము మీద కూడా చేసి, ఏం జరిగిందో నాకు రాయండి.