టర్నర్ ఉన్న అమ్మాయిని ఎంపీసీలో చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండో ఏట టర్నర్ సిండ్రోమ్ అని తేలింది. ఈ ఏడు టెన్త్ పాసైంది. తెలుగు, ఇంగ్లిష్, సోషల్‌లో మంచి మార్కులు వచ్చాయి, లెక్కల్లో మాత్రం ఎలాగో గట్టెక్కింది. వాళ్ళ నాన్న ఎంపీసీలో వేసి హాస్టల్లో పెడదామంటున్నారు. ఒకచోట వేలిముద్రలు తీసి ఇంజినీరింగే నప్పుతుందని కూడా చెప్పారు. క్రోమోజోమ్ తేడా ఉంటే తెలివి తగ్గుతుందా? ఏ గ్రూపు మంచిది?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ వేలిముద్రల కాగితం పక్కన పడేయండి. వేలి గీతలు చూసి ఏ చదువు నప్పుతుందో చెప్పే శాస్త్రమేదీ లేదు.

ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. మీ పాపకు అందులో ఒకటి పూర్తిగానో కొంతమేరో లేదు. దాదాపు రెండు, రెండున్నర వేల మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. ఎత్తు తక్కువగా ఉండటం, అండాశయాలు సరిగా పనిచేయకపోవడం దీనివల్లే. తెలివి మాత్రం ఈ పిల్లల్లో చాలామందికి అందరిలాగే ఉంటుంది. కాకపోతే ఎగుడుదిగుడుగా ఉంటుంది. చదవడం, మాటలు గుర్తుపెట్టుకోవడం బాగా వస్తాయి. బొమ్మను మనసులో తిప్పి చూడటం, దారులు గుర్తుపట్టడం, నోటిలెక్కలు, గడియారంతో పోటీపడి లెక్క చేయడం కష్టమవుతాయి. ఎదుటివాళ్ళ ముఖం చూసి కోపమో వేళాకోళమో పోల్చుకోవడంలో కొందరు తడబడతారు. వీళ్ళను బడిలో పొగరుబోతులనో అమాయకులనో అనేస్తుంటారు, రెండూ కాదు. మీరు చెప్పిన మార్కుల్లో నాకు ఈ ఎగుడుదిగుడే కనిపిస్తోంది.

ఎంపీసీ అంటే ఆమెకు చేతకానిదాన్నే రెండేళ్ళపాటు రోజుకు పది గంటలు చేయించడం. అదయ్యాక ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఉండనే ఉంది. వాళ్ళ నాన్నగారితో ‘పాపకు లెక్కలు రావు’ అనకండి. ఒకసారి క్లినికల్ సైకాలజిస్టు దగ్గర తెలివితేటల పరీక్ష, నేర్చుకునే శక్తుల పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఆయన ముందు పెట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యాలున్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ) అడిగి చూడండి. నిజంగా డిస్‌కాల్‌క్యులియా, అంటే లెక్కలు నేర్చుకోవడంలో వైకల్యం, ఉందని తేలితే, 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని అభ్యసన వైకల్యాల్లో చేర్చింది. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉందని సర్టిఫికెట్ వస్తే రిజర్వేషన్ కూడా వర్తిస్తుంది. టర్నర్ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు, దాన్ని చూపించి సర్టిఫికెట్ అడిగితే ఇవ్వరు.

చెవులు కూడా చూపించండి. టర్నర్ ఉన్నవాళ్ళకు చెవి ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వస్తాయి, వినికిడి మెల్లగా తగ్గవచ్చు. వెనక బెంచీలో కూర్చుని సగం పాఠం వినబడని పిల్లకు మనం ట్యూషన్లు పెడుతుంటాం.

నన్నడిగితే హెచ్ఈసీ లేదా సీఈసీ. అక్కడి నుంచి లా చాలా మంచి దారి. లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 120 ప్రశ్నల్లో లెక్కలు పదో వంతే, మిగతాదంతా చదివి అర్థం చేసుకునేదే. ఇంగ్లిష్ మీద ఇష్టముంటే హైదరాబాద్‌లోనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. టీచింగ్, సైకాలజీ, అనువాదం, లైబ్రరీ కోర్సులు కూడా చూడొచ్చు. పోలీసు ఉద్యోగం మీద ఆశ ఉంటే ఎత్తు నిబంధన ఇప్పుడే చూసుకోండి, ఆడవాళ్ళకు 152.5 సెంటీమీటర్లు అడుగుతారు.

ఆమెకే సైన్సంటే ఇష్టమైతే బైపీసీ కాదనను. అలాగని నీట్ కోసమే చేర్చకండి. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, అందులో 45 ఫిజిక్సు! ఆ వేగమే ఆమెకు ఇబ్బంది. మాట, వినికిడి సమస్యలకు వైద్యం చేసే బీఏఎస్ఎల్‌పీ లాంటి కోర్సులు బైపీసీ వాళ్ళకున్నాయి, మాటల్లో గట్టి పిల్లకు అవి నప్పుతాయి.

ఇక హాస్టల్. ఎదుగుదల ఇంజెక్షన్లు ఇంకా నడుస్తుంటే అవి ఫ్రిజ్‌లో ఉండాలి, రోజూ రాత్రి వేసుకోవాలి. హార్మోన్ మాత్రలు మానకూడదు, గుండె స్కాన్ డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి. వార్డెన్ ఇవన్నీ చూస్తారా? నాకైతే నమ్మకం లేదు. ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీ వెతకండి.

ఇంకొకటి. తనకున్నది టర్నర్ అని పాపకు తెలుసో లేదో మీరు రాయలేదు. బైపీసీలో చేరితే సెకండియర్ జువాలజీలో జన్యుశాస్త్రం పాఠం వస్తుంది. అందులో టర్నర్ గురించి ఎక్స్ఓ (ఒక్క ఎక్స్ క్రోమోజోమే ఉందని అర్థం) అని, పొట్టిగా ఉంటారని, పిల్లలు పుట్టరని నాలుగు ముక్కల్లో ఉంటుంది. దాత అండంతో తల్లులైనవాళ్ళున్నారని ఆ పాఠం చెప్పదు. అరవైమంది క్లాసులో లెక్చరర్ ఆ పేజీ చదివేటప్పటికి ఆమె ఆ మాట మీ నోట, డాక్టరు నోట విని ఉండాలి. కాలేజీలో ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. గ్రూపు సంగతి ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.