డార్క్ చాక్లెట్ కొనేముందు రేపర్ వెనక్కి తిప్పు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

గుండెకి మంచిదంటున్నారు, డార్క్ చాక్లెట్ 70 శాతంది కొనాలా, 85 శాతంది కొనాలా అని అడిగావు. ఆ మంచి చేసేదేమిటో, అది చాక్లెట్‌లో ఎక్కడ దాగి ఉంటుందో తెలిస్తే ఎంపిక నీకే సులువవుతుంది.

కోకో గింజలో ఇంచుమించు సగం కొవ్వే. దాన్నే కోకో బటర్ అంటారు. ఆ కొవ్వు తీసేస్తే మిగిలే గోధుమరంగు పొడిలో ఉంటాయి ఫ్లేవనాల్స్. రక్తనాళాల గోడలు మెత్తగా సాగడానికి సాయపడేవి అవే. రేపర్ ముందు పెద్దక్షరాలతో వేసే 70 శాతంలో ఈ పొడీ ఉంటుంది, కొవ్వూ ఉంటుంది. విడిగా కలిపిన కోకో బటర్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే ఒకే శాతం రాసి ఉన్న రెండు బార్లలో అసలు సరుకు ఒకేలా ఉండదు.

దీనికి చిన్న లెక్క చెప్తాను. వెనకున్న పోషకాల పట్టికలో 100 గ్రాములకి కొవ్వు ఎంతుందో చూసి, దాన్ని కోకో శాతంలోంచి తీసెయ్. 70 శాతం బార్‌లో కొవ్వు 46 గ్రాములుంటే పొడి భాగం 24. అదే 70 శాతంలో కొవ్వు 38 గ్రాములైతే 32. ధర ఒకటే అయినా రెండోదాంట్లో పొడి మూడో వంతు ఎక్కువ. గింజపప్పులూ పాలపదార్థాలూ కలిపిన బార్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాటి కొవ్వు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది. చక్కెర అంచనాకి 100లోంచి కోకో శాతం తీసేస్తే చాలు: 70 శాతంలో సుమారు 30 గ్రాములు, 85లో 15.

ఇంతకంటే ముఖ్యమైనది ఆల్కలీ. కోకోలో వగరు తగ్గించి రంగు ముదరడానికి పొటాషియం కార్బొనేట్ లాంటి క్షారం కలుపుతారు. దీన్నే డచ్ పద్ధతి అంటారు. ఆ వగరు ఫ్లేవనాల్స్‌దే తల్లీ! వగరుతోపాటు అవీ పోతాయి. మామూలు కోకో పొడిలో గ్రాముకి 35 మిల్లీగ్రాముల దాకా కనిపించిన ఫ్లేవనాల్స్, బాగా ఆల్కలీ పట్టించిన పొడిలో 4కి పడిపోయినట్టు పరీక్షల్లో తేలింది. కాబట్టి నల్లగా నిగనిగలాడుతోందని మురిసిపోకు. పదార్థాల జాబితాలో ‘ఆల్కలీతో శుద్ధి చేసిన కోకో’ అనో, ఆ క్షారాల కోడ్‌లైన ఇ501, ఇ500 అనో కనిపిస్తే ఆరోగ్యం కోసం అది కొనొద్దు. నాలుక మీద పెట్టుకున్నాక చేదు వెనకాల పచ్చి అరటికాయ కొరికినట్టు కాస్త నోరు పట్టేస్తే మంచి గుర్తే.

జాబితాలో మొదటి పేరు కోకో ముద్దదై (గింజల్ని నూరిన ముద్ద, కోకో మాస్) ఉండాలి. చక్కెర మొదట ఉంటే అది మిఠాయి. పామాయిల్ వగైరా ఉంటే వదిలెయ్. లెసిథిన్ గురించి కంగారు వద్దు, అది జారుడుగా కలవడానికి వేసేది. చక్కెర లేదని గొప్పగా రాసిన వాటిలో చక్కెర బదులు వేసే మాల్టిటాల్ ఉందేమో చూసుకో, ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు.

ఇక ఎంత తినాలి? రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రక్తనాళాలకి తోడ్పడతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది. ఫ్లేవనాల్స్ దండిగా ఉన్న డార్క్ చాక్లెట్ అయితే 10 గ్రాములు చాలు. మామూలు బార్‌లో అంత ఉంటుందన్న హామీ లేదు, అలాగని బార్ మొత్తం తినేస్తే పరిహారం కాదు. 20 గ్రాములకే 120 కేలరీలు, 5 గ్రాముల సంతృప్త కొవ్వు. కాబట్టి 10 నుంచి 20 గ్రాములు, అదీ వేరే తీపి మానేసి దాని చోట. 21,000 మందికి పైగా పెద్దవాళ్లకి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. గుండె జబ్బుతో మరణాలు తగ్గాయి కానీ, గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బీపీ మాత్రల బదులు దీన్ని నమ్ముకోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

85 శాతం ఎప్పుడూ మేలే అనుకోవద్దు. కోకో చెట్టు వేళ్లు నేలలోంచి కాడ్మియం అనే విషలోహాన్ని పీల్చుకుంటాయి. గింజలు ఎండబెట్టేటప్పుడు దుమ్ముతో సీసం అంటుకుంటుంది. కోకో ఎంత ఎక్కువైతే ఇవీ అంత ఎక్కువ చేరే వీలుంది. నీకు 70–75 చాలు. ఒకే కంపెనీది పట్టుకుని కూర్చోకుండా మారుస్తూ ఉండు. గర్భిణులకీ చిన్నపిల్లలకీ రోజూ అలవాటు చెయ్యొద్దు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు డాక్టర్నడిగే తినాలి. ఐరన్ మాత్ర వేసుకునే వేళకి దగ్గరగా తినకు, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. నిద్ర పలచనైతే సాయంత్రం దాటాక వద్దు.

ఇప్పటిదాకా పాల చాక్లెట్ తిన్న నోటికి ఒక్కసారిగా 70 చేదు విషంలా ఉంటుంది. 55తో మొదలుపెట్టి, రెండు వారాలకి 60, ఆ తర్వాత 70కి వెళ్లు. నమలకుండా నాలుక మీద కరగనిస్తే చిన్న ముక్కే చాలాసేపు వస్తుంది.

చల్లగా, పొడిగా, 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచు. ఫ్రిజ్ తప్పదంటే గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకు. తీశావో, తేమ పట్టి పైన చక్కెర గరుకు తేలుతుంది. తెల్లటి పొర కనిపించినా బూజనుకుని పారెయ్యకు, చాలాసార్లు అది వేడికి పైకి తేలిన కోకో బటరే. నిక్షేపంగా తినొచ్చు.

ఇంకొకటి, ఇంట్లో కుక్కపిల్ల ఉంటే డబ్బా పై అరలో పెట్టు. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకి విషం, అదీ డార్క్ చాక్లెట్‌లోనే ఎక్కువ.

— పెద్దమ్మ