పట్టా చేతికి రాకముందు ఊళ్లో వైద్యం చేయవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి కోరుట్ల పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ నాలుగో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో వచ్చినప్పుడు పక్కింటివాళ్ల బర్రెకు ఇంజెక్షన్ ఇస్తే తగ్గింది. అప్పటి నుంచి ‘డాక్టరమ్మా’ అంటూ చుట్టుపక్కల తండాల నుంచి కూడా పిలుస్తున్నారు. తను వెళ్లవచ్చా? ఇంటర్న్‌షిప్‌లోనూ ప్రతి పనికీ ఒకరిని అడగవలసిందేనా?

జవాబు: మీ అమ్మాయి మీద ఊరికి అంత నమ్మకం కుదరడం సంతోషించవలసిన విషయమే. అయినా ఒంటరిగా వైద్యానికి వెళ్లవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరులో పేరున్న పశువైద్యులు మాత్రమే వైద్యం చేయాలి, చట్టం కోరే ధ్రువపత్రాల మీద సంతకం పెట్టాలి. పశుసంవర్ధక డిప్లొమా చేసినవారికి టీకాలు వేయడం, గాయాలకు కట్టు కట్టడం వంటి ప్రాథమిక సేవల వరకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు గానీ, వారు కూడా రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే ఆ పనులు చేయాలి. నాలుగో సంవత్సరం విద్యార్థిని ఈ రెండు కోవల్లో దేనిలోకీ రాదు.

చదువులో వెనుకబడినవారి కోసం పెట్టిన నియమం కాదిది. ఈనిన మర్నాడు బర్రె లేవలేక, మెడను డొక్క వైపు తిప్పుకొని, చెవులు చల్లబడి పడుకుంటే అది పాలజ్వరమని (ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) మీ అమ్మాయి ఇట్టే పోల్చుకోగలదు. 450 మిల్లీలీటర్ల కాల్షియం సీసాను నరానికి ఎక్కించాలనీ ఆమెకు తెలుసు. అయితే అది కాస్త వేగంగా ఎక్కినా గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. కళాశాల ఆసుపత్రిలో విద్యార్థి సీసా పట్టుకుంటే, పక్కన మోకాళ్ల మీద కూర్చున్న డాక్టరు స్టెతస్కోపుతో గుండె చప్పుడు వింటూ, తేడా వినిపించిన క్షణంలోనే సీసా కిందికి దించమంటారు. రాత్రివేళ కొట్టంలో, ఫోను వెలుతురులో, ఒక చేత్తో సీసా ఎత్తిపట్టిన మీ అమ్మాయికి ఆ మాట చెప్పేవారెవరు? బర్రె చనిపోతే ఆ ఇంటి పాల ఆదాయం పోతుంది. బీమా ఉన్నా క్లెయిముకు రిజిస్టరైన పశువైద్యుడి పత్రం కావాలి, అందులో ముందుగా ఎవరు ఏ మందు ఇచ్చారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టేది ఆమె సొంత ఆరోగ్యం. ‘ఆవు గొంతులో ఏదో ఇరుక్కుంది, చొంగ కారుస్తోంది, మేత మింగడం లేదు’ అని పిలిచిన చోట, సాయం చేయాలన్న ఆత్రంతో విద్యార్థులు ముందుగా పశువు నోట్లో చేయి పెడతారు. పిచ్చికుక్క కరిచిన పశువులో రేబీస్ లక్షణాలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. అనుభవమున్న డాక్టరు పక్కన ఉంటే చేయి వెనక్కి తీయించి, ఈ మధ్య కుక్క కరిచిందా అని యజమానిని అడుగుతారు. ఈసుకుపోయిన (నెలలు నిండకముందే దూడ పడిపోయిన) బర్రెకు మాయ పడలేదని పిలిచినప్పుడూ అంతే, చేతికి తొడుగు లేకపోతే బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా మనిషికి అంటుకొని నెలల తరబడి జ్వరంతో, కీళ్ల నొప్పులతో పీడిస్తుంది. రేబీస్ ముందస్తు టీకాలు పూర్తయ్యాయో లేదో ఈ రోజే ఆమెను అడగండి.

ఇక ఇంటర్న్‌షిప్ సంగతి. పశువైద్య మండలి 2016 నిబంధనల ప్రకారం నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ సమయంలో ఉండేది తాత్కాలిక రిజిస్ట్రేషనే కాబట్టి ఇంటర్న్ స్వతంత్రంగా వైద్యం చేయకూడదు, తన సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రాలు ఇవ్వకూడదు. అందువల్ల అడగవలసిందే, అయితే అడిగే తీరు మారుతూ వస్తుంది. మొదట్లో డాక్టరు చేస్తుంటే చూస్తుంది, తర్వాత ఆయన చూస్తుండగా తాను చేస్తుంది, చివరి నెలల్లో పశువును తానే పరీక్షించి, ఇది ఫలానా జబ్బు, ఈ మందు ఇంత ఇద్దామనుకుంటున్నానని చెప్పి, ఆయన సరేనన్నాక ఇస్తుంది. నిజంగా నేర్చుకునేది ఈ మూడో దశలోనే కనుక, అక్కడ మొహమాటపడి మౌనంగా ఉండవద్దని చెప్పండి.

మన పల్లె ఆసుపత్రుల్లో ఎదురయ్యే చిక్కు మరొకటుంది. రెండు మండలాల బాధ్యత ఒక్కరి మీదే ఉన్నప్పుడు, ‘నువ్వు చూసుకో అమ్మా, నేను వచ్చాక సంతకం పెడతా’ అనే మాట సులభంగా వచ్చేస్తుంది. ఆ మాటకు తలూపవద్దు. చేరిన మొదటి రోజే తన పర్యవేక్షకులు ఎవరో, వారు లేనప్పుడు ఎవరిని అడగాలో తెలుసుకొని రాసుకోవాలి, మందు ఇచ్చేముందు ఫోను చేయాలి, లాగ్‌బుక్కులో ఏ రోజు కేసుకు ఆ రోజే సంతకం తీసుకోవాలి. ఏడాది చివర్లో ఒకేసారి పెట్టించుకున్న సంతకాల వల్ల ఆమెకు ఏ పనీ రాదు.

సెలవుల్లో చేయి ఊరుకోనంటే, మీ మండల పశువైద్యాధికారిని కలిసి, గాలికుంటు టీకాలకూ గొర్లకు నట్టల మందు తాగించే శిబిరాలకూ వెంట రానివ్వమని కోరండి. మహబూబ్‌నగర్ వైపు మందల్లోనూ, అమ్రాబాద్ ప్రాంతపు ‘పొడ తూర్పు’ జాతి పశువుల మధ్యా ఒక డాక్టరు వెంట తిరిగిన పది రోజులు ఆమెకు బాగా పనికొస్తాయి. ఇంటికి వచ్చి పిలిచేవారికి మాత్రం 1962 నంబరుకు ఫోను చేయమని చెప్పండి, సంచార పశువైద్య వాహనం పంపేందుకు పెట్టిన నంబరు అది.

పక్కింటి బర్రెకు ఇచ్చిన మందు పేరు, మోతాదు, తేదీ ఒక కాగితం మీద రాయించి మీ మండల పశువైద్యాధికారికే చూపించండి. అది యాంటీబయోటిక్ అయితే ఎన్ని రోజుల పాటు ఆ పాలు వాడకూడదో, అమ్మకూడదో ఆయన చెబుతారు, ఆ మాట పక్కింటివాళ్లకు మీ అమ్మాయే స్వయంగా వెళ్లి చెప్పాలి.