ఆఫీస్ బిల్డింగ్‌లో లాఫ్ట్ ఫ్లాట్, కోటీ పది లక్షలు... తీసుకోవచ్చా?

ప్రశ్న: బేగంపేటలో పాత ఆఫీస్ బిల్డింగ్‌ని లాఫ్ట్ ఫ్లాట్లుగా మార్చి అమ్ముతున్నారు. 14 అడుగుల సీలింగ్, పైన మెజనైన్‌లో, అంటే హాల్లోనే సగం ఎత్తులో వేసిన చిన్న అంతస్తులో బెడ్రూమ్. రేటు కోటీ 10 లక్షలు. మా ఇద్దరి జీతం కలిపి నెలకి 1.8 లక్షలు, చేతిలో 40 లక్షలున్నాయి. టోకెన్ 2 లక్షలు ఇచ్చేశాం. ముందుకెళ్లొచ్చా?

జవాబు: ఇల్లు బాగుందండి, కాదనను. కానీ మీరు సీలింగ్ చెప్పారు, మెజనైన్ చెప్పారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌లో (ఓసీ, అంటే బిల్డింగ్‌ని దేనికి వాడొచ్చో మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) ఏముందో మాత్రం చెప్పలేదు, నాకు కావాల్సింది అదే. అందులో ఇంకా కమర్షియల్ అనే ఉంటే బిల్డర్ ఎంత అందంగా కట్టినా బ్యాంక్ దృష్టిలో అది ఆఫీసే, హోమ్ లోన్ రాదు. న్యూయార్క్ సోహోలో ఖాళీ ఫ్యాక్టరీల్లో ఆర్టిస్టులు కాపురం పెట్టడంతో పాపులరైన స్టైల్ ఇది, అక్కడ కూడా అలా ఉంటున్నవాళ్ల కోసం 1982లో లాఫ్ట్ లా అని సపరేట్‌గా చట్టం తేవాల్సొచ్చింది.

లెక్క చూడండి. 75 లక్షల హోమ్ లోన్, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 65 వేలు. అదే కమర్షియల్ లోన్ అయ్యి 10.5 శాతం, 15 ఏళ్లు అంటే దాదాపు 83 వేలు, అది కూడా అంత అమౌంట్ ఇస్తేనే. పైగా మీ 40 లక్షలు సరిపోవు... డౌన్‌పేమెంట్ 35, రిజిస్ట్రేషన్‌కి రమారమి 7.5 శాతం అంటే ఇంకో 8 లక్షల పైనే, ఇది బ్యాంక్ లోన్‌లో కలపదు. ఎమర్జెన్సీకి ఒక్క రూపాయి మిగలదు మరి.

కరెంట్ మీటర్, ప్రాపర్టీ ట్యాక్స్, నల్లా బిల్లు కమర్షియల్ కేటగిరీలోనే ఉన్నాయేమో కూడా అడగండి, ఎందుకంటే 14 అడుగుల హాలు, గోడంతా గ్లాసు, మే నెల... ఏసీ ఊరికే తిరగదు కదా, దానికి కమర్షియల్ రేటు పడితే బిల్లు ఇంకా మోత. మెజనైన్ శాంక్షన్డ్ ప్లాన్‌లో ఉందా లేదా చూడండి, లేకపోతే దానికి కట్టే డబ్బు గాల్లో కట్టినట్టే. పాత బిల్డింగ్ కాబట్టి రేపు పడగొడితే మీకు మిగిలేది యూడీఎస్, అంటే స్థలంలో మీ వాటా, అది ఎన్ని గజాలో సేల్ డీడ్ డ్రాఫ్ట్‌లోనే రాసుండాలి. రెరా నంబర్, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్టరైన నంబర్, ఉందో లేదో కూడా అడగండి.

"కన్వర్షన్ అయిపోతుంది సార్, ప్రాసెస్‌లో ఉంది" అంటారు, అందరూ అదే అంటారు. రెసిడెన్షియల్ ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు అని చెప్పండి, హోమ్ లోన్ శాంక్షన్ కాకపోతే టోకెన్ వాపస్ అని రసీదు మీద రాయించి సంతకం పెట్టించుకోండి, ఈ వారంలోనే. రాయనంటే ఆ 2 లక్షల కోసం ఇంకో 33 లక్షలు పెట్టకండి. అంత నచ్చితే అదే బిల్డింగ్‌లో ఒక ఏడాది రెంట్‌కి ఉండండి, వేసవి కరెంట్ బిల్లు చూశాక మళ్లీ రాయండి.