జావా నుంచి పైథాన్‌కి వచ్చాక కంపైలర్ లేకుండా ధైర్యంగా కోడ్ రాయడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: నడవకముందే తప్పులు పట్టే కంపైలర్ ఉన్న జావాలోనే చాలా ఏళ్లుగా పనిచేశారు, ఇప్పుడు మాదాపూర్‌లో పైథాన్ ప్రాజెక్టులో వేశారు. ఏ వేరియబుల్‌లో ఏముందో తెలియడం లేదు, కోడ్ పుష్ చేయాలంటేనే టెన్షన్. మళ్లీ జావా ఉద్యోగం వెతుక్కోవాలా, లేక అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేరాలా?

ఉద్యోగం మారాల్సిన పని లేదండీ. నేనూ గచ్చిబౌలిలో జావా చేస్తూ చేస్తూ పైథాన్‌కి వచ్చాను. మీకున్న భయం నాకు బాగా తెలుసు. అది అర్థం లేని భయం కాదు, కానీ తీరే భయమే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పైథాన్‌లో టైపులు, అంటే ఒక విలువ సంఖ్యా, అక్షరాలా అని చెప్పే రకాలు, లేవని అందరూ అంటుంటారు. ఉన్నాయి. జావాలో టైపు వేరియబుల్‌కి అంటుకుని ఉంటుంది, పైథాన్‌లో విలువకి అంటుకుని ఉంటుంది, అంతే తేడా. "12" అనే స్ట్రింగ్‌కి (అక్షరాల వరుసకి) 3 కలపమంటే జావాస్క్రిప్ట్ గమ్మున "123" చేసి ఇస్తుంది. పైథాన్ ఒప్పుకోదు, టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంటే తనిఖీ ఉంది, కాకపోతే ఆ లైను నడిచినప్పుడే జరుగుతుంది. మీరు చేయాల్సిందల్లా ఆ తనిఖీని వీలైనంత ముందుకి జరపడం.

ఎందుకంటే నడిచినప్పుడు కూడా దొరకని కేసులుంటాయి. మా టీమ్‌లో జరిగింది చెబుతాను. బయటి నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైలులోని ధరని వస్తువుల సంఖ్యతో గుణించి బిల్లు వేసే సర్వీస్ అది. సీఎస్‌వీ మాడ్యూల్ మామూలుగా ప్రతి గడినీ స్ట్రింగ్‌గానే ఇస్తుంది. వస్తువుల సంఖ్యని ఇంటిజర్‌గా (పూర్ణ సంఖ్యగా) మార్చారు, ధర మాత్రం "250" అనే స్ట్రింగ్‌గానే ఉండిపోయింది. పైథాన్‌లో స్ట్రింగ్‌ని 3తో గుణిస్తే దాన్ని మూడుసార్లు పక్కపక్కన పేరుస్తుంది. 750 రావాల్సిన చోట 250250250 వచ్చింది, అంటే 25 కోట్ల పైచిలుకు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క మాట లేదు. జేసన్‌లో (డేటా పంపే ఫార్మాట్‌లో) స్ట్రింగ్‌గా వెళ్లి రిపోర్ట్‌లో దర్జాగా కనిపించింది. వెతకడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే తప్పు కనిపించింది రిపోర్ట్‌లో, పుట్టింది ఫైలు చదివే చోట. జావాలో అయితే స్ట్రింగ్‌ని ఇంటిజర్‌తో గుణించే లైను కంపైలే అయ్యేది కాదు.

అందుకే నా మొదటి సలహా: చెప్పులు గుమ్మం దగ్గరే విప్పినట్టు, బయటి నుంచి వచ్చే డేటాని లోపలికి రాకముందే సరైన టైపులోకి మార్చేయండి. ఫైలు, ఏపీఐ రిక్వెస్ట్, క్యూలో మెసేజ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఏదైనా సరే. పైథాన్‌లోనే ఉన్న డేటాక్లాస్‌తో చేయండి, పైడాంటిక్ అనే లైబ్రరీతో చేయండి, మీ ఇష్టం. డేటాక్లాస్ తనంతట తాను టైపు చూడదు కాబట్టి మార్చే పని మీరే రాయాలి. పైడాంటిక్ అయితే చూస్తుంది, కుదిరితే మారుస్తుంది, కుదరకపోతే అక్కడే ఆపేస్తుంది. ఆ ఒక్క చోట కట్టుదిట్టంగా ఉంటే లోపలి కోడ్‌లో అడుగడుగునా ఇది ఇంటిజరేనా అని చూసుకోనక్కర్లేదు.

ఇక టైప్ హింట్లు, అంటే ఇక్కడ ఏ టైపు ఉండాలో కోడ్‌లో రాసుకునే సూచనలు. 2015లో పైథాన్ 3.5తో వచ్చాయి. జావా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: పైథాన్ కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్ వాటిని పాటించమని పట్టుబట్టదు. ఇంటిజర్ అని రాసిన చోట స్ట్రింగ్ పంపినా నడిచిపోతుంది. హింట్లని తనిఖీ చేసే మైపై గానీ పైరైట్ గానీ సీఐలో (కోడ్ పుష్ చేయగానే తనంతట తాను నడిచే తనిఖీల్లో) పెట్టి, తప్పుంటే మెర్జ్ ఆగేలా చేస్తేనే వాటికి విలువ. ఇదేదో చిన్న ప్రాజెక్టుల ముచ్చట అనుకోకండి. డ్రాప్‌బాక్స్ తన 40 లక్షల లైన్ల పైథాన్ కోడ్‌ని మైపైతో తనిఖీ చేయిస్తున్నట్టు 2019లోనే రాసింది. అలాగని ప్రతి లోకల్ వేరియబుల్‌కీ టైపు రాయకండి, చదవడానికి చిరాకు. ఫంక్షన్ తీసుకునేదానికీ తిరిగిచ్చేదానికీ రాస్తే చాలు. ముఖ్యంగా నన్ (None, అంటే విలువ ఏదీ లేదని) తిరిగిచ్చే అవకాశం ఉన్న ఫంక్షన్లకి తప్పకుండా రాయండి. జావాలో నల్ పాయింటర్ ఎలా పీడించిందో ఇక్కడ నన్ అలాగే పీడిస్తుంది. మైపై దాన్ని బాగా పట్టుకుంటుంది.

టెస్టుల విషయంలో ఒకటే చెబుతాను. ఎర్రర్ వస్తేనే నడిచే ఎక్సెప్ట్ బ్లాకులో ఫంక్షన్ పేరు తప్పు రాస్తే, ఆ బ్లాకు నడిచేదాకా ఎవరికీ తెలియదు. అది నడిచేది ఎప్పుడు? ప్రొడక్షన్‌లో ఏదో విరిగిన రాత్రి. కాబట్టి ఎర్రర్ దారులన్నీ టెస్టులో కనీసం ఒక్కసారైనా నడవాలి.

చేయకూడనిది కూడా ఉంది: పైథాన్‌లో జావా రాయకండి. ప్రతి ఫీల్డ్‌కీ గెటర్, సెటర్ పెట్టకండి. తర్వాత ఎప్పుడైనా లాజిక్ కావాలంటే ప్రాపర్టీగా మార్చుకోవచ్చు, వాడేవాళ్ల కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఒకే క్లాసు కోసం ఇంటర్‌ఫేస్, దానికో ఫ్యాక్టరీ కూడా వద్దు. ఫైలు నుంచి లైన్లు చదివే ఫంక్షన్‌కి నిజానికి కావాల్సింది లైన్లు ఇచ్చే వస్తువు ఏదైనా సరే. టెస్టులో ఫైలు బదులు నాలుగు స్ట్రింగుల లిస్ట్ ఇచ్చేయండి, అలాగే నడుస్తుంది, నకిలీ ఫైలు తయారుచేసే మాక్ లైబ్రరీ ఏదీ అక్కర్లేదు. డైనమిక్ భాషలో నాకు బాగా నచ్చింది ఈ సౌకర్యమే. ఇది అలవాటైతే మీకూ నచ్చుతుందని గట్టిగా నమ్ముతున్నాను.

చిన్న చిన్న తేడాలు పనిలో తగులుతూనే తెలుస్తాయి: 7ని 2తో భాగిస్తే 3.5 వస్తుంది, స్ట్రింగులు పోల్చడానికి రెండు ఈక్వల్స్ చాలు, డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఖాళీ లిస్ట్ పెడితే కాల్ కాల్‌కీ అదే లిస్ట్ వాడుతుంది. ఏ వేరియబుల్‌లో ఏముందో అంతుపట్టకపోతే అక్కడ బ్రేక్‌పాయింట్ ఫంక్షన్ పెట్టి ఆపి చూసుకోండి.

అమీర్‌పేట కోర్సు మీకు వద్దు. జావా వచ్చినవాళ్లకి వేరియబుల్, లూప్ దగ్గర నుంచి మళ్లీ వినడం కాలయాపన. పైథాన్ అధికారిక సైట్‌లో ఉచిత ట్యుటోరియల్ ఉంది, అది పూర్తిగా చదవండి. తర్వాత మీ ప్రాజెక్టులో అందరూ ముట్టుకోవడానికి భయపడే ఒక మాడ్యూల్ తీసుకుని, దాని ఫంక్షన్లకి టైప్ హింట్లు రాసి మైపై నడపండి. అది ఏమేం పట్టుకుందో మీ లీడ్‌కి చూపించండి. సీఐలో పెట్టడానికి ఒప్పించడం ఆ తర్వాత తేలిక.